కదిలితేనే కనిపించే జీవి: ట్రైకోమొనాస్ పరీక్షల కథ

మన సంఘం పత్రికలో చరిత్ర వ్యాసమంటే శాతవాహనులో, కాకతీయులో, రాయలవారో ఉండడం ఆనవాయితీ. నాకు ఆ విద్య రాదు. ముప్పయ్యేళ్ళపాటు ఈ దేశపు ఆసుపత్రి లాబొరేటరీలలో కూర్చుని గాజు పలకలు చూసినదాన్ని. నాకు తెలిసిన చరిత్ర ఆ పలకల మీది చరిత్రే. అందుచేత ఈసారి దాన్నే రాస్తున్నాను. విషయం ఆడవాళ్ళ జబ్బు. పైగా సుఖవ్యాధుల లెక్కలో చేరేది. ఈ మాట చూడగానే పేజీ తిప్పబోయే పెద్దలకు ఒక్క మనవి: ఇంట్లో కూతుళ్ళు, కోడళ్ళు ఉన్నవారెవరికీ ఇది అనవసరమైన సంగతి కాదు. చివరిదాకా చదివి అప్పుడు తిప్పండి.

ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం నా బల్ల మీదికి ఒక నమూనా వచ్చింది. పొద్దున ఎప్పుడో ఊరవతలి క్లినిక్కులో తీసినది, నాలుగు చోట్ల ఆగి ఆగి, చల్లబడి, నా దగ్గరకు చేరింది. చీటీ మీద పేరు చూస్తే మనవాళ్ళ పేరే. పలక మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూశాను. చీము కణాలు కుప్పలుగా ఉన్నాయి. కదిలేది ఒక్కటీ లేదు. "ట్రైకోమొనాస్ కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను.

నెల తిరగకుండా అదే పేరుతో రెండో చీటీ వచ్చింది. ఈసారి ఆమె మా ఆసుపత్రికే వచ్చింది. డాక్టరమ్మ పలకను స్వయంగా చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చి నా ముందు పెట్టింది. కంటిని అద్దానికి ఆనించి చూస్తే పలకంతా తిరునాళ్ళే. ఎటు చూసినా కొట్టుకుంటూ, గిలగిలలాడుతూ, పక్కనున్న కణాలను తోసుకుంటూ తిరుగుతున్నాయి.

మొదటిసారి నేను అబద్ధం రాయలేదు. కనబడలేదు, కనబడలేదనే రాశాను. కాని ఆ నెల రోజులూ ఆ అమ్మాయి మందూ మాకూ లేకుండా, తన బాధంతా తన ఊహేనేమోనని అనుకుంటూ గడిపి ఉంటుంది. "కనబడలేదు" అన్న మాటకీ "లేదు" అన్న మాటకీ మధ్య ఎంత దూరముందో ఆ రోజు తెలిసింది. ఆ దూరాన్ని తగ్గించడానికి మనుషులు రెండు వందల ఏళ్ళకు కొంచెం తక్కువగా పడిన పాట్లే ఈ కథ.

ముందుగా ఆ జీవి సంగతి

ట్రైకోమొనాస్ వజైనాలిస్ ఒకే ఒక్క కణంతో బతికే పరాన్నజీవి. పొడవు మీటరులో లక్షో వంతు, అంటే ఇంచుమించు ఒక చీము కణమంత. ముందువైపు కొరడాల వంటి నాలుగు తంతువులు ఉంటాయి. ఐదోది వెనక్కి మళ్ళి, ఒంటి మీది పలుచని పొర అంచున సాగి, పొరను అలలాడిస్తూ ఉంటుంది. ఈ కొరడాల వల్లనే దానికి ఆ గిలగిలలాడే నడక వచ్చింది.

జిగట విరేచనాలు తెచ్చే అమీబా మనిషి ఒంట్లోంచి బయటపడే ముందు చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకుతో నీళ్ళలో, మట్టిలో బతికి ఇంకొకరి కడుపులోకి చేరుతుంది. ట్రైకోమొనాస్‌కు ఆ నేర్పు లేదు. అది తడి ఆరినా, చలి సోకినా నీరసించిపోతుంది. అందుకనే అది ప్రధానంగా స్త్రీపురుష సంపర్కం ద్వారానే ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. అందుకనే లాబొరేటరీలో దాన్ని పట్టుకోవడమూ కష్టం. కదలిక ఆగిపోతే అది చీము కణాల మధ్య ఇంకో చీము కణంలా కలిసిపోతుంది.

ఇది సోకిన స్త్రీలలో కొందరికి పసుపుపచ్చగానో, ఆకుపచ్చగానో నురగతో కూడిన స్రావం, చెడువాసన, దురద, మూత్రం పోసేటప్పుడు మంట ఉంటాయి. మన ఇళ్ళలో వీటన్నిటినీ కలిపి "తెల్లబట్ట" అని ఒకే మాటలో చెప్పి ఊరుకుంటారు. కాని తెల్లబట్టంతా జబ్బు కాదు, జబ్బయినదంతా ఈ జబ్బు కాదు. బూజు జాతి వల్ల వచ్చేది వేరు, బాక్టీరియాల తూకం తప్పడం వల్ల వచ్చేది వేరు. మందులూ వేరే. ఇక ఈ పరాన్నజీవి సోకి కూడా ఏ బాధా తెలియనివారే ఎక్కువ. అందుచేత మనిషిని చూసి చెప్పగలిగేది కాదు, పరీక్ష చేసి తీరాలి.

పారిస్, 1836

కథ మొదలైనది పారిస్ నగరంలో. అప్పటి వైద్యులను ఒక ప్రశ్న వేధిస్తూ ఉండేది: సెగ, సవాయి ఒకే జబ్బా, రెండు జబ్బులా? ఫిలిప్ రికోర్ అనే వైద్యుడు అదే నగరంలో యోనిని తెరచి చూసే పరికరాన్ని వాడుతూ, రోగులను పరీక్షిస్తూ, రెండూ వేరని 1838లో వాదించాడు. అప్పటివరకు పెద్ద పెద్ద వైద్యులే రెండూ ఒకటనేవారు.

ఆ రోజుల్లోనే అల్ఫ్రెడ్ డొన్నే అనే యువ వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. కంటికి ఒకేలా కనిపించే చీమును మైక్రోస్కోపు కింద పెడితే, ఏ జబ్బు చీము ఏదో తేడా తెలుస్తుందేమో చూద్దామనుకున్నాడు. అప్పట్లో పారిస్ వైద్యులలో మైక్రోస్కోపు మీద నమ్మకం ఉన్నవారు తక్కువ. అద్దాలు లేనిది ఉన్నట్టు చూపిస్తాయని పెదవి విరిచేవారు. డొన్నే పట్టు వదలలేదు. స్త్రీల యోని స్రావాలను అప్పటికప్పుడు, ఆరకముందే చూశాడు. వాటిలో కొరడాలతో ఈదులాడే ఒక సూక్ష్మజీవి కనబడింది. 1836లో ఆ సంగతి ఫ్రెంచి సైన్సు అకాడమీకి నివేదించాడు. అప్పటికే తెలిసిన రెండు సూక్ష్మజీవుల పోలికలు ఉన్నాయని ఆ రెండు పేర్లనూ కలిపి కొత్త పేరు పెట్టాడు. 1838లో జర్మన్ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్ ఆ పేరును సరిదిద్ది, ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు.

ఆ ఏటిని ఒకసారి గుర్తుంచుకోండి. క్షయ క్రిమిని కోక్ కనుగొన్నది 1882లో. సెగ క్రిమిని నైసెర్ చూసినది 1879లో. సవాయి క్రిమి బయటపడినది 1905లో. వీటన్నిటికన్నా ఎంతో ముందు, క్రిముల వల్ల జబ్బులు వస్తాయన్న సిద్ధాంతమే ఇంకా స్థిరపడని కాలంలో, ఒక ఆడవాళ్ళ జబ్బుకు కారణమైన జీవిని ఒక మనిషి కళ్ళారా చూశాడు. అదే డొన్నే తరువాత లియోన్ ఫూకో అనే కుర్రవాడిని సహాయకుడిగా పెట్టుకుని, మైక్రోస్కోపులో కనబడేవాటికి ఛాయాచిత్రాలు తీయించి, వాటి ఆధారంగా చెక్కించిన చిత్రాలతో 1845లో ఒక గ్రంథం వేశాడు. భూమి తిరుగుతోందని 1851లో లోలకం వేలాడదీసి చూపించిన ఫూకో ఇతడే.

ఎనభై ఏళ్ళు పక్కన పెట్టారు

ఇంత తొందరగా కనబడిన జీవిని వెంటనే జబ్బుకు కారణమని ఒప్పుకుని ఉండాలి కదా? అలా జరగలేదు. డొన్నే మొదట దీనికీ సుఖవ్యాధికీ సంబంధం ఉందేమో అనుకున్నాడు, తరువాత తానే ఆ మాట వదులుకున్నాడు. ఏ బాధా లేని స్త్రీలలో కూడా ఇది కనిపిస్తూ ఉండడంతో, ఇది అక్కడ ఊరికే కాపురముండే జీవి, హాని చేయదు అని వైద్యలోకం తీర్మానించుకుంది. 1894లో పురుషుల మూత్రంలో కూడా దీన్ని చూశారు. అయినా ఎవరూ లెక్క చేయలేదు.

1916లో జర్మనీలో హోయెనే అనే స్త్రీవైద్య నిపుణుడు, చీముతో కూడిన ఒక రకం యోని వాపుకు ఇదే తరచు కారణమని గట్టిగా రాశాడు. డొన్నే చూసిన తరువాత సరిగ్గా ఎనభై ఏళ్ళు. అప్పటికీ అందరూ ఒప్పుకోలేదు. ఎందుకంటే యోని స్రావంలో ఎన్నో బాక్టీరియాలు కలిసి ఉంటాయి. బాధ పెట్టినది వాటిలో ఏదో ఒకటి కావచ్చు, ఈ జీవి పక్కన నిలబడి ఉన్నదేమో! ఈ అనుమానం తీరాలంటే దీనిని ఒంటరిగా, వేరే బాక్టీరియా ఒక్కటీ లేకుండా పెంచి చూడాలి. 1940లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన ట్రస్సెల్, ప్లాస్ ఆ పని చేశారు. శుద్ధంగా పెంచిన జీవిని స్త్రీల శరీరంలో ప్రవేశపెట్టి, జబ్బు వస్తుందని చూపించారు. అటువంటి ప్రయోగం ఈనాడైతే ఏ ఆసుపత్రిలోనూ అంత తేలిగ్గా చేయనివ్వరు. ఏమైతేనేం, కనుగొన్న నూట నాలుగేళ్ళకు ఆ జీవి మీద నేరం రుజువైంది.

ఎందుకింత ఆలస్యం? శుద్ధంగా పెంచే విద్య ఆలస్యంగా రావడం ఒక కారణం. అది నిజమే. కాని ఇది మనిషిని చంపే జబ్బు కాదు. ఆడవాళ్ళు బయటికి చెప్పుకోని జబ్బు. చెప్పుకున్నా శుభ్రత లేకనో, మనసు బాగోలేకనో అని తేల్చేసే జబ్బు. క్షయకు, కలరాకు పెట్టిన శ్రద్ధ దీనికి పెట్టాలని ఎవరికీ తోచలేదు.

గాజు పలక మీద ఒక చుక్క

ఇక పరీక్షల సంగతి. అన్నిటికన్నా పాతది, ఈనాటికీ ఎన్నో చోట్ల చేసేది, డొన్నే చేసినదే. దూది పుల్లతో స్రావం తీసి, పలక మీద ఉప్పునీటి చుక్కలో కలిపి, పైన పలుచని గాజు ముక్క కప్పి, నాలుగు వందల రెట్లు పెద్దదిగా చూడాలి. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. గిలగిలలాడేది ఒక్కటి కనబడితే చాలు, జబ్బు తేలిపోయినట్టే.

కాని కనబడకపోతే? అక్కడే చిక్కు. స్రావంలో జీవులు తక్కువగా ఉంటే దొరకకపోవచ్చు. నమూనా చల్లబడితే, ఆలస్యమైతే, కదలిక ఆగిపోతుంది. ఒక గంట గడిస్తేనే పట్టుబడే అవకాశం బాగా పడిపోతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరిగి వచ్చిన నమూనాలో నాకు ఏం కనబడుతుంది? మెట్లు దిగి పలక తెచ్చిన డాక్టరమ్మకు ఈ రహస్యం తెలుసు. నాకు అప్పటికి తెలియదు, తెలిసినా లక్ష్యపెట్టలేదు.

చంపి రంగు వేసి చూస్తే సరిపోదా అని అడగవచ్చు. గర్భాశయ ముఖద్వారపు కాన్సరును ముందుగా పట్టుకోవడానికి పాపనికోలౌ అనే గ్రీకు దేశపు వైద్యుడు న్యూయార్కులో ఒక పద్ధతి కనిపెట్టి, ట్రౌట్‌తో కలిసి 1941లో వ్యాసం, 1943లో పుస్తకం ప్రకటించాడు. మన స్త్రీలందరూ డాక్టరు దగ్గర విని ఉండే "పాప్ స్మియర్" ఇదే. ఆ పలకల మీద కాన్సరు కణాలు వెతుకుతూ ఉంటే ట్రైకోమొనాస్ కూడా అప్పుడప్పుడూ కనిపించేది. ఇది మేలే. కాని రంగు పట్టి ఎండిపోయిన జీవికి కదలిక లేదు, కొరడాలు తెలియవు. విరిగిన కణపు ముక్కను చూసి ఇదేనని పొరబడడం, ఇదే అయినా గుర్తుపట్టకపోవడం, రెండూ జరిగేవి. మొదటి పద్ధతిలో లేదనే తప్పు ఎక్కువ. ఇక్కడ ఆ తప్పుతోపాటు ఉందనే తప్పు కూడా చేరింది. ఒక సంసారంలో ఉందనే తప్పు ఏం చేయగలదో చివర చెబుతాను.

మూడో దారి పెంచి చూడడం. లూయీ డైమండ్ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త 1957లో ప్రకటించిన పోషక ద్రవం దీనికి పేరుపడింది. ఇన్‌క్యుబేటరులో ఒంటి వెచ్చదనంలో పెట్టి రోజూ ఒక చుక్క తీసి చూస్తూ ఉంటే, మొదట పదో పరకో ఉన్న జీవులు వేలకు పెరిగి కళ్ళబడతాయి. ఎంతో కాలం దీనినే ప్రమాణంగా పెట్టుకున్నాం. దీనికీ లోపం ఉంది. జవాబు రావడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆ ద్రవం, ఆ ఇన్‌క్యుబేటరు, రోజూ చూసే మనిషి, అన్ని చోట్లా ఉండరు. తరువాత ప్లాస్టిక్ సంచీలోనే ద్రవం పోసి, సంచీ విప్పకుండా మైక్రోస్కోపు కింద పెట్టి చూసే వీలు వచ్చింది. మా కష్టం కొంత తగ్గింది, రోజులు మాత్రం తగ్గలేదు.

1988లో క్రీగర్, ఆయన సహచరులు 600 మంది స్త్రీల నమూనాలను ఈ పద్ధతులన్నిటితో చూసి, అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో లెక్క ప్రకటించారు. పెంచి చూసినప్పుడు జబ్బు ఉందని తేలినవారిలో, ఉప్పునీటి చుక్క పట్టుకున్నది నూటికి సుమారు 60 మందిని. పాప్ పద్ధతి పట్టుకున్నది సుమారు 56 మందిని. అంటే అనుభవం ఉన్నవారు శ్రద్ధగా చూసినా పది మందిలో నలుగురు "కనబడలేదు" అన్న చీటీతో ఇంటికి వెళ్ళిపోతున్నారన్నమాట. ఆ వ్యాసం చదివిన రోజు నాకు నా పాత పలక గుర్తుకొచ్చింది. నా ఒక్కదాని తప్పు కాదన్న ఊరట కొంత కలిగింది. అలా తిరిగి వెళ్ళినవారు ఇంకెంతమందో అన్న దిగులు అంతకన్నా ఎక్కువ కలిగింది.

మందు వచ్చాక భర్త గుర్తుకొచ్చాడు

ఈ కథలో మందు సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు, దానివల్ల పరీక్ష అర్థమే మారింది కనుక. 1950లలో జపానులో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి అజోమైసిన్ అనే పదార్థం తీశారు. అది ట్రైకోమొనాస్‌ను చంపుతుందని తెలిసింది. దాన్ని ఆధారంగా తీసుకుని ఫ్రాన్సులో రోన్-పూలెంక్ కంపెనీవారు దాని వంటి పదార్థాలు ఎన్నో తయారుచేసి, మెట్రోనిడజోల్‌ను ఎంచుకున్నారు. 1959లో దాని గుణం ప్రకటించారు. మనందరికీ తెలిసిన ఫ్లాజిల్ బిళ్ళ అదే. విరేచనాలకు మన ఇళ్ళలో చీటీ లేకుండా కొనుక్కుని మింగే ఆ బిళ్ళ మొట్టమొదట ఈ ఆడవాళ్ళ జబ్బుకు పుట్టిన మందని మనలో చాలామందికి తెలియదు. డొన్నే చూసిన దేశంలోనే, చూసిన నూట ఇరవై మూడేళ్ళకు, విరుగుడు దొరికింది.

అంతకు ముందు వైద్యమంతా పైపూతలు, కడుగుళ్ళు. అవి స్త్రీకి మాత్రమే చేసేవారు. కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చేది. మళ్ళీ రావడం ఆమె శుభ్రత లోపమనుకునేవారు. నోటి ద్వారా మింగే బిళ్ళ వచ్చాక భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి ఇవ్వడం వీలైంది. ఇద్దరికీ ఇస్తే జబ్బు తిరిగి రావడం తగ్గింది. ఆమె నయమై ఇంటికి వెళితే, ఏ బాధా లేకుండా దాన్ని మోస్తున్న భర్త నుంచి మళ్ళీ సోకుతోందని అప్పటికి గాని తేలిగ్గా ఒప్పుకోలేదు. అప్పటినుంచి లాబొరేటరీ చీటీ ఒక మనిషికి సంబంధించినది కాకుండా ఇద్దరికి సంబంధించినది అయింది.

లాబొరేటరీ లేని చోట

ఇక్కడి మాట ఇలా ఉంటే, మన దేశపు పల్లెలో స్త్రీకి ఈ గాజు పలకైనా అందిందా? దీనికి జవాబు 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్, వారి సహచరులు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో రెండు పల్లెలలో 650 మంది స్త్రీలను పరీక్షించారు. బాధ ఉన్నవారినే కాక, ఊళ్ళోని స్త్రీలందరినీ పిలిచారు. నూటికి 92 మందికి స్త్రీ సంబంధమైన ఏదో ఒక జబ్బు ఉంది. అంతకు ముందు ఎన్నడైనా వైద్యపరీక్ష చేయించుకున్నవారు నూటికి 8 మందే. గడ్చిరోలి మనకు దూరపు ఊరేమీ కాదు. ఆ జిల్లా దక్షిణపు కొసనున్న సిరొంచ తాలూకా గోదావరి, ప్రాణహిత ఒడ్డున తెలంగాణాను ఆనుకుని ఉంది. అక్కడ తెలుగు ఇంటి భాష. ఆ అంకెలు మన అక్కచెల్లెళ్ళవే అనుకోవచ్చు.

లాబొరేటరీ లేని చోట ఏం చేయాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ఉపాయం చెప్పింది: క్రిమిని చూడకుండానే, లక్షణాన్ని బట్టి అందుకు కారణమయ్యే జబ్బులన్నిటికీ కలిపి మందు ఇవ్వండి అన్నది. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం 2007 నుంచి 2012 వరకు సాగిన మూడవ దశలో రంగుల మందు పొట్లాలు పంచింది. తెల్లబట్టతో వచ్చినవారికి ఆకుపచ్చ పొట్లం. అందులో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ బిళ్ళలు. పల్లెలో నర్సు చేతిలో పెట్టగలిగిన వైద్యం కనుక దీన్ని తక్కువ చేయలేం. కాని బాధ లేనివారు రానే రారు, వారికి పొట్లం అందదు. వచ్చినవారిలో ఎందరికో ఈ జబ్బు ఉండదు, వారికి అక్కరలేని మందు. చూడకుండా చేసే వైద్యానికి ఈ రెండు వైపులా నష్టం తప్పదు.

బాధ లేనివారు ఎంతమంది ఉంటారో ఈ దేశంలోనే లెక్క తేలింది. 2001 నుంచి 2004 వరకు జరిగిన అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలో 14 నుంచి 49 ఏళ్ళ స్త్రీలు తామే తీసి ఇచ్చిన నమూనాలను పరీక్షించారు. నూటికి 3.1 మందిలో ఈ పరాన్నజీవి ఉంది. ఉన్నవారిలో నూటికి 85 మంది తమకు ఏ బాధా లేదన్నారు. ఏ బాధా లేకపోతే ఏం పోయింది అనకండి. ఇది ఉన్న గర్భిణులకు నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువని, ఎయిడ్స్ వైరస్ సోకే అవకాశమూ పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి.

చచ్చినా దొరికేటట్టు

ఈ సర్వే చేసిన పరీక్షే కథలో కొత్త మలుపు. 1992లో రైలీ, క్రీగర్, వారి సహచరులు ఈ జీవి డి.ఎన్.ఏ.లోని ఒక ముక్కను యంత్రంలో లక్షల రెట్లు పెంచి గుర్తుపట్టే పద్ధతి ప్రకటించారు. దానితో నూట యాభై ఏళ్ళ చిక్కు విడిపోయింది. జీవి కదలనక్కరలేదు, బతికి ఉండనక్కరలేదు. నమూనా రోజంతా ప్రయాణం చేసి వచ్చినా దాని గుర్తు చెరగదు. నా మొదటి పలక నాటికి ఈ పరీక్ష ఉండి ఉంటే ఆ అమ్మాయి నెల రోజులు వేచి ఉండేది కాదు.

2007లో దీని మొత్తం జన్యుపటం సైన్స్ పత్రికలో ప్రచురించారు. కంటికి కనబడని ఈ ఒంటికణపు జీవికి సుమారు అరవై వేల జన్యువులు ఉంటాయని అందులో అంచనా వేశారు. మనిషి జన్యువులు అందులో సగం కూడా లేవు. 2011లో ఇటువంటి అణుపరీక్షకు అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖ అనుమతి వచ్చింది. ఇది నూటికి 95 మందికి తగ్గకుండా పట్టుకుంటుంది. పది నిమిషాలలో గీత చూపించే పట్టీ పరీక్షలు కూడా వచ్చాయి. 2025 మార్చిలో, డాక్టరు చీటీ లేకుండా స్త్రీ ఇంట్లో తానే నమూనా తీసుకుని, అరగంటలో ఫలితం చూసుకునే పరీక్షకు అదే శాఖ అనుమతించింది. మెట్లు దిగి పలక తెచ్చిన డాక్టరమ్మ ఆనాడు తగ్గించినది ఒక అంతస్తు దూరం. ఈ పరీక్షతో ఆ దూరం మొత్తంగా పోయింది.

అణుపరీక్షకూ ఒక పేచీ ఉంది. మందు మింగిన తరువాత చచ్చిన జీవుల శకలాలు కొన్ని వారాలు అక్కడే ఉంటాయి. తొందరపడి మళ్ళీ పరీక్షిస్తే జబ్బు ఉన్నట్టే చూపిస్తుంది. అందుకని మూడు నెలల ప్రాంతంలో తిరిగి పరీక్షించమంటారు. ఒకప్పుడు బతికి ఉన్నా కనబడలేదని బాధపడ్డాం. ఇప్పుడు చచ్చినా కనబడుతోందని జాగ్రత్తపడుతున్నాం.

2020లో ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ళవారిలో 15 కోట్ల 60 లక్షల మందికి ఇది కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఏడు సోకిన సెగ, సవాయి రెండూ కలిపినా ఇంత లేవు. పరీక్ష ఎంత బాగుపడినా అది అందనివారే ఇంకా ఎక్కువ.

చీటీ చెప్పనిది

ఇక అసలు చెప్పదలచుకున్నది. లాబొరేటరీలో ఉన్నన్నాళ్ళూ మా పని "ఉంది", "కనబడలేదు" అని రాయడంతో తీరిపోయేది. ఆ చీటీ ఇంటికి వెళ్ళాక ఏమయ్యేదో మేము చూసేవాళ్ళం కాదు. పదవీ విరమణ చేశాక మనవాళ్ళ ఇళ్ళలో పిల్లలు నన్ను పక్కకు పిలిచి అడగడం మొదలుపెట్టారు. "పిన్నిగారూ, ఈ రిపోర్టులో ఇలా రాశారు. మా ఆయనకు చెప్పాలా? అత్తయ్యగారికి తెలిస్తే ఏమంటారో!" అని గొంతు తగ్గించి అడిగేవారు. అడిగినవారి కళ్ళలో జబ్బు భయం కన్నా చీటీ భయమే ఎక్కువ కనిపించేది.

వారికి చెప్పినదే ఇక్కడా రాస్తున్నాను. ఈ పరీక్ష ఏది ఉందో చెబుతుంది. ఎప్పటినుంచి ఉందో చెప్పదు. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో అసలే చెప్పదు. ఈ జీవి స్త్రీ శరీరంలో ఏ సూచనా ఇవ్వకుండా నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండగలదు. పురుషుడిలోనూ చాలాసార్లు ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. పైగా అతడిలో పట్టుకోవడం ఇంకా కష్టం. అందుచేత భార్య చీటీలో ముందుగా కనబడింది కనుక తప్పు ఆమెదేననడం వైద్యం కాదు, న్యాయమూ కాదు. ముందుగా పరీక్ష చేయించుకున్నది ఆమె కనుక ముందుగా ఆమెలో కనబడింది, అంతే. పెళ్ళికి ముందు నాటిదో, వెనకటి ఏ నాటిదో, ఏ యంత్రమూ తేల్చలేదు. పాప్ స్మియర్ మీద ఎవరో పొరబడి రాసిన మాటైతే అసలు జబ్బే ఉండకపోవచ్చు.

చేయవలసినది చిన్న పని. ఇద్దరూ ఒకేసారి మందు తీసుకోవాలి. స్త్రీలకు ఒక్కసారి మింగే పెద్ద మోతాదు కన్నా ఏడు రోజుల మందు మేలని 2018లో వచ్చిన అధ్యయనం చూపింది. ఇద్దరికీ నయమయ్యేవరకు దూరంగా ఉండాలి. మూడు నెలల తరువాత ఆమె మళ్ళీ చూపించుకోవాలి. పంచాయితీ పెట్టవలసిన అవసరం ఇందులో ఎక్కడా లేదు.

ఇంకొక్క మాట. బాధ ఉండి కూడా రిపోర్టు "కనబడలేదు" అని వస్తే, ఊరుకోకండి. "ఏ పద్ధతిలో చూశారు? నమూనా తీసిన ఎంతసేపటికి చూశారు?" అని డాక్టరును అడగండి. అది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. నేను లాబొరేటరీలో కూర్చున్న రోజుల్లో ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, ఆ పలకను ఇంకోసారి తీయించి ఉండేదాన్ని.